గుల్లలమొగ దొరికింది

భాద్రపద పున్నమి

డ్యూటీ డైరీలో సొంత గోల రాయకూడదని భద్రయ్య గారి ఆర్డరు. ఈ స్టేషన్‌కి పెద్ద ఆయనే, ఈ డైరీ చదివేదీ ఆయనొక్కడే. చదవడం మానేస్తే ఆయనకీ సుఖం, నాకూ సుఖం.

పొద్దున్నే డిష్ ఎక్కి కాకి గూడు తీశాను. పోయిన వారం కూడా తీశాను. అదే కాకి అయ్యుంటుంది, నన్ను చూడగానే తిట్టడం మొదలుపెట్టింది. తర్వాత డిష్‌ని తిప్పే పళ్ళచక్రాలకి గ్రీజు పెట్టాను. ఈ ఉప్పుగాలికి వారం ఆగితే చాలు, కొండ కిందికి వినిపించేలా కీచుమంటాయి. ఒకప్పుడు ఈ డిష్ తిప్పే పనే లేదట. నిలుచుక్క అని మేము పిలిచే ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి కిందనుంచి చూస్తే ఆకాశంలో ఒక్కచోటే ఉండేదట. ఇప్పుడు దాన్ని అక్కడ నిలబెట్టేంత ఇంధనం లేదు. రోజంతా ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతూ ఎనిమిది అంకె వేస్తుంది. దాని వెంట మేము డిష్ తిప్పుకుంటూ ఉంటాం. పేరు మాత్రం నిలుచుక్కే.

కొత్తది పంపే దారి లేదు. ఒకదాన్నొకటి గుద్దుకుని పగిలిన పాత ఉపగ్రహాల ముక్కలు మధ్యలో అడ్డంగా తిరుగుతున్నాయి, ఏ రాకెట్టూ వాటిని దాటలేదు. అంతకుముందే పైకి వెళ్ళి కూర్చుంది కాబట్టి ఇది బతికిపోయింది. సర్కార్లు వదిలేసుకుంటే మా తీరం సంఘం తీసుకుంది. బంగాళాఖాతంలో తిరిగే ప్రతి బోటుకీ ఇప్పుడు ఉన్న కన్ను ఇదొక్కటే.

నా పని బొమ్మని కూర్చోబెట్టడం. నిలుచుక్క పంపే బొమ్మలో ఏ మబ్బు ఏ నీళ్ళ మీద ఉందో తెలియాలంటే ఆ బొమ్మ మ్యాపు మీద సరిగ్గా కూర్చోవాలి. ఇదివరకు దానికి నక్షత్రాలు చూసే కెమెరా ఉండేది, తను ఎటు చూస్తోందో తనే చెప్పేది. ఆ కెమెరాకి చూపు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు గురుతులే దిక్కు. తీరంలో వంపులు, దీవులు, నదులు సముద్రంలో కలిసే మొగలు, ఇలా ఎక్కడున్నాయో మనకి బాగా తెలిసిన చోట్లు. కంప్యూటర్ ఒక్కో గురుతునీ బొమ్మలో వెతుకుతుంది. కనిపిస్తే పైకే "దొరికింది" అంటుంది, మబ్బు కప్పేస్తే "దొరకలేదు" అంటుంది. దొరికినవాటిని పట్టుకుని బొమ్మని లాగి మ్యాపు మీద పరుస్తుంది. పరిచినదాన్నిబట్టి బులెటిన్ దానంతటదే తయారై, నిలుచుక్క మీదుగానే బోట్లకి వెళ్ళిపోతుంది.

మధ్యాహ్నం నా తమ్ముడు కాశులు రేడియోలోకి వచ్చాడు. మూడు బోట్ల జట్టుని నడిపే సరంగు వాడే.

"అక్కా, నువ్వు సెప్పిన కాడ వాన లేదే. మేమున్న కాడ కుమ్మేసింది."

"ఎంత తేడా?"

"ఐదారు మైళ్ళుంటది. వల లాక్కునే టైం కూడా ఇవ్వలేదు. బొమ్మ తలకిందులుగా ఎట్టి సూసావేటి?"

నాకు ఒళ్ళు మండింది. నా బొమ్మ ఎప్పుడూ అంత తప్పు కూర్చోలేదు. నీకు మైళ్ళు లెక్కపెట్టడం చేతకాలేదని వాణ్ణే తిట్టి రేడియో కట్టేశాను. తర్వాత చాటుగా తెర మీద మళ్ళీ చూసుకున్నాను. గురుతులన్నీ దొరికే ఉన్నాయి.

భాద్రపద బహుళ అష్టమి

నిలుచుక్క లోపలి చక్రాల వేగం దించాం. అది తూలకుండా ఉండేది ఆ చక్రాలు తిరగబట్టే. ఎండ తగిలి తగిలి దాన్ని కొద్దికొద్దిగా నెడుతూ ఉంటుంది, ఆ నెట్టుడుని చక్రాలు మింగుకుంటూ వేగం పెంచుకుంటాయి. కొన్నాళ్ళకోసారి చిన్న మంట ఊది దించకపోతే పిచ్చెక్కినట్టు తిరుగుతాయి. ప్రతి ఊదుకీ కాస్త ఇంధనం ఖర్చు. మీట నొక్కేటప్పుడు భద్రయ్య గారు కళ్ళు మూసుకుంటారు. ఆయన తన సొంత నూనె డబ్బా వంపుతున్నట్టు ఉంటుంది మొహం.

కాశులు చెప్పిన తేడా సంగతి ఆయనకి చెప్పాను.

"గ్రహణాల రోజులు కదమ్మా రత్నం. నిలుచుక్క రోజూ కాసేపు భూమి నీడలోకి వెళ్తోంది. హీటర్లు ఆపేసి ముసలి బ్యాటరీలని కాపాడుకుంటున్నాం. లోపల అద్దం చల్లబడి వంకరపోతుంది. ఆ సీజను అయిపోతే అదే సర్దుకుంటుంది."

"తేడా వచ్చింది మిట్టమధ్యాహ్నం అండీ. నీడ పడేది అర్ధరాత్రి."

"చల్లబడ్డది వెచ్చబడ్డానికి టైం పట్టదా మరి?"

పట్టొచ్చు. ఆయన చదువుకున్నవాడు. పైగా ఇవాళ కాశులుని నేనే పిలిచి అడిగితే, వాన నేను చెప్పిన చోటే ఉందన్నాడు. "ఇయ్యాల కళ్ళజోడు ఎట్టుకున్నావనుకుంటా" అని కూడా అన్నాడు. వాడికి చిన్నప్పుడు నేను ఇంకో రెండు దెబ్బలు వేసి ఉండాల్సింది.

మహాలయ అమావాస్య

ఇవాళ మా గుల్లలమొగ వాళ్ళందరూ వచ్చారు. ఏటా వస్తారు. చనిపోయినవాళ్ళకి కింద కాలవలో నువ్వులూ నీళ్ళూ వదిలి, తడిబట్టలతోనే కొండెక్కి, చెప్పులు బయట విడిచి కంట్రోల్ రూములో నిలబడతారు. నేను గురుతుల వరస నడిపిస్తాను. కంప్యూటర్ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతుంది. ఎవరూ మాట్లాడరు. చివర్లో మా ఊరు వస్తుంది.

"గుల్లలమొగ. దొరికింది."

అప్పుడు అందరూ ఒక్కసారి ఊపిరి వదులుతారు. ఆడవాళ్ళు ముందుకొచ్చి తెర ముందు బల్లకి పసుపు రాస్తారు. అది కీబోర్డులోకి పోతుందని భద్రయ్య గారు పక్కన గుడ్డ పట్టుకుని నిలబడతారు.

ఊరు సముద్రంలో కలిసింది నాకు పెళ్ళి కాకముందు. సంఘం నిలుచుక్కని తీసుకున్నప్పుడు మొట్టమొదటి తీర్మానం మా ఊరి గురించే. ఆ గురుతుని ఎప్పటికీ తీయకూడదు, మెషీన్ ఎప్పుడూ దాన్ని దొరకలేదు అనకూడదు. ఒకవేళ తీయాల్సివస్తే స్టేషన్ పెద్దదీ, ఊరి పెద్దదీ రెండు వేలిముద్రలు పడాలి. ఆ పెద్దలు ఒక్కొక్కరే పోయి ఇప్పుడు మా అమ్మ మరిడమ్మ మిగిలింది.

ఊరు మునిగిన రోజు మా నాన్న మేకని విప్పడానికి ఇంట్లోకి వెనక్కి వెళ్ళాడు. మేక ఈదుకుంటూ వచ్చింది. నాన్న రాలేదు. అమ్మ ఆ మేకని చచ్చేదాకా మేపింది, దాన్ని ఒక్క మాట అనలేదు. అమ్మకి ఏడాదికోసారి సరిపోదు. రోజూ నాకు అన్నం క్యారేజీ తెచ్చే వంకతో వచ్చి, మా ఊరి మాట విన్నాకే కొండ దిగుతుంది.

ఇవాళ కాశులు మళ్ళీ అరిచాడు. ఈసారి ఎనిమిది మైళ్ళ తేడా అట. నేను తిరిగి అరవలేదు.

ఆశ్వయుజ శుద్ధ నవమి

తిథుల లెక్కన డైరీ రాయడం మా వాళ్ళ అలవాటు, పోటూ ఆటూ చూసుకుని బతికినవాళ్ళం కనక. ఆ అలవాటే ఇవాళ నాకు కళ్ళు తెరిపించింది.

వెనక పేజీలు తిరగేశాను. పున్నమికి తేడా. అష్టమికి లేదు. అమావాస్యకి ఇంకా ఎక్కువ తేడా. నిన్నా ఇవాళా మళ్ళీ లేదు. అద్దం చల్లబడి వంకరపోయేదైతే తిథి చూసుకుని వంకరపోదు కదా! పున్నమికీ అమావాస్యకీ ఎక్కువయ్యేది పోటు ఒక్కటే.

మబ్బులు పోటుకి ఎందుకు జరుగుతాయి? మబ్బులు జరగవు. గురుతు జరుగుతోంది. ఇప్పుడు అక్కడ ఊరు లేదు, బురదా నీళ్ళే. ఆటు వచ్చి నీళ్ళు తీసినప్పుడు బురదమేట తేలి, పాత తీరం వంపులాగే అగుపిస్తుంది. పెద్దపోటుకి అది మునిగిపోయి, నీటి అంచు మైళ్ళ కొద్దీ లోపలికి పోతుంది. కంప్యూటర్ మాత్రం ఆ కొత్త అంచునే గుల్లలమొగ అనుకుని, పాత గుల్లలమొగ ఉన్న చోటికి లాగుతోంది. దాంతో పాటు బొమ్మ మొత్తం సముద్రం వైపు జరుగుతోంది.

నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఆశ్వయుజ పున్నమి

గ్రహణాల సీజను అయిపోయింది. అద్దానికి ఇంక వంక లేదు. తేడా అలాగే ఉంది.

పక్క కంప్యూటర్‌లో బొమ్మ నకలు తీసుకుని, అందులో గుల్లలమొగ లేకుండా కూర్చోబెట్టి చూశాను. చక్కగా కూర్చుంది. కాశులు బోట్ల మీద ఉన్న వాన బోట్ల మీదే ఉంది. భద్రయ్య గారిని పిలిచి చూపించాను.

"ఇది మనందరికీ తెలిసిన సంగతే కదమ్మా. ఆ గురుతుని మెషీన్ నిజంగా చూసి చెప్పదని. అప్పట్లో గురుతులు బోలెడు ఉండేవి. ఒకటి అబద్ధం చెప్పినా మిగతావి సర్దేసేవి. ఏం నష్టం అనుకున్నాం."

"మరి ఆ మిగతావి ఏమయ్యాయండీ?"

ఏమయ్యాయో నాకూ తెలుసు. ఈ తీరంలో మునిగిన ఊరు మాదొక్కటే కాదు. దక్షిణాన ఉప్పు మళ్ళ ఊరు మునిగితే ఆ గురుతు తీసేశాం. ఉత్తరాన దీవి మునిగితే తీసేశాం. నేనే తీశాను, టీ తాగుతూ తీశాను. అవి వేరేవాళ్ళ ఊళ్ళు. మా ఊరిని మాత్రం ఉంచి, పైగా దాని మాటకి పది గురుతుల బరువు ఇచ్చాం. తీర్మానంలో "పెద్ద పీట వెయ్యాలి" అని ఉందని. ఉన్నమాట రాస్తున్నాను, ఇవాళ నాకు మా ఊరి మీదే కోపం వచ్చింది.

అండమాన్ అవతల మబ్బులు గుంపు కడుతున్నాయి. కాశులు జట్టు నిన్ననే పెద్ద చేపల కోసం నడిసంద్రానికి బయల్దేరింది. వచ్చే అమావాస్య దాకా తిరిగి రారు.

ఆశ్వయుజ బహుళ నవమి

సభ పెట్టాం. నేను తెర మీద రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఎక్కడెక్కడ తేడా వస్తోందో చెప్పాను. బోట్లలో ఉన్నది మన పిల్లలేనని చెప్పాను. ఎవరూ నా మాట తప్పని అనలేదు. అదే బాధ. అందరూ తలలు ఊపారు, ఒక్కరూ సరే అనలేదు.

"తీసేస్తే ఇంక మనం ఎక్కడివోళ్ళమని సెప్పుకోవాలమ్మా?" అన్నాడు ఒకాయన. ఆయన గొంతులో కోపం ఏమీ లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

అందరూ అమ్మ వైపు చూశారు. వేలిముద్ర ఆవిడదే కదా.

"మీ నాన్న ఆడే ఉన్నాడు రత్నం" అంది అమ్మ. "రోజూ దొరికాడని ఇంటన్నాను. నువ్వు నా సేత దొరకలేదని సెప్పించకు."

"అమ్మా, మెషీన్ చెప్పేది నాన్న గురించి కాదు."

"నాకు తెలవదా? నేనేమన్నా పిచ్చిదాన్నా?"

అంతటితో అయిపోయింది. కార్తీకం వెళ్ళాక మళ్ళీ కూర్చుందామని లేచారు. గరగయ్య పెళ్ళాం చిట్టెమ్మ బయట చెప్పులు వేసుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. గరగయ్య కాశులు జట్టులోనే ఇంకో బోటు నడుపుతాడు. "మా ఆయన బులెటిన్ సూడకుండా అడుగెయ్యడులే అక్కా, బయపడకు" అంది నన్ను ఓదారుస్తూ.

ఆశ్వయుజ బహుళ చతుర్దశి

మబ్బుల గుంపు తుఫాను అయింది. దాని చెయ్యి మన తీరం మొత్తం కప్పేసింది. ఇటువైపు ఉన్న గురుతులన్నీ వరసగా "దొరకలేదు, దొరకలేదు" అన్నాయి. అరేబియా తీరం, ఆఫ్రికా కొమ్ము దొరికాయి, అక్కడ ఎండ కాస్తోంది. చివరగా ఎప్పటిలాగే,

"గుల్లలమొగ. దొరికింది."

ఏం దొరికింది? అక్కడ మబ్బు తప్ప ఏమీ లేదు. దొరకలేదు అనడం దానికి మేము నేర్పలేదు కాబట్టి, ఒక మబ్బు అంచుని పట్టుకుని అదే ఊరు అంటోంది. ఆ మబ్బు తుఫానుతో పాటు నడుస్తోంది. మబ్బు ఎంత నడిస్తే కంప్యూటర్ బొమ్మని అంత వెనక్కి లాగుతోంది. అందుకని తెర మీద తుఫాను నిలబడిపోయి ఉంది. అరేబియా తీరం మాత్రం మ్యాపు గీతల మీంచి జారిపోతోంది.

బులెటిన్: తుఫాను కదలకుండా ఉంది, బోట్లు ఉన్నచోటే ఉండవచ్చు.

అసలు తుఫాను పడమరకి, మన బోట్ల మీదికి వస్తోంది. పక్క కంప్యూటర్‌లో నకలు బొమ్మ చూస్తే స్పష్టంగా ఉంది. కాశులుని పిలిచాను.

"ఉన్నపళంగా దక్షిణానికి తిప్పరా. బులెటిన్ నమ్మకు."

"నీ బులెటిన్‌నే నమ్మొద్దంటావేటక్కా?"

"తర్వాత తిడుదువు గాని. తిప్పు."

"నేను తిప్పుతాను. నీ గొంతు ఇంటే తెలుస్తంది. గరగయ్య బావకి నువ్వే సెప్పు, నా మాట ఇనడు."

గరగయ్యకి చెప్పాను. బతిమాలాను. ఆయన నిదానంగా, నవ్వుతూ మాట్లాడాడు. ఆయనకి నా మీద ఎప్పుడూ గౌరవమే.

"ఒదినా, బులెటిన్‌లో అలాగ రాలేదు కదండీ. దక్షిణానికి తిప్పితే ఇంటికి ఇంకా దూరమైపోతాం, ఆయిలు సాలదు. మనూరిని ఇన్నేళ్ళూ ఎతికి ఎట్టిన మెసీను అబద్దం సెప్తదా? మారితే బులెటిన్‌లో పంపండి, అప్పుడు తిప్పేత్తాను."

నోటిమాటని బులెటిన్‌గా పంపమని భద్రయ్య గారితో పోట్లాడాను. ఆయన నన్ను కసురుకోలేదు. బులెటిన్ మెషీన్ ఒక్కటే పంపగలదు, చేత్తో రాసే వీలు మనమే తీసేశాం, ఎవరి చుట్టాల బోట్లకి వాళ్ళు అనుకూలంగా రాసుకుంటారని. ఇదంతా నాకు తెలిసే అడిగాను. మా ఊరి గురుతు తీయడానికి తన వేలిముద్ర ఆయన అప్పుడే పెట్టేశారు. రెండో ముద్ర కోసం మెషీన్ ఎదురుచూస్తోంది.

అమ్మ కోసం మనిషిని పంపాను. గాలికి కొండదారిలో చెట్లు పడ్డాయని మనిషి తిరిగొచ్చాడు.

ఆశ్వయుజ అమావాస్య

అమ్మ వచ్చింది. చెట్ల కొమ్మల మీంచి పాక్కుంటూ, క్యారేజీ కొంగులో కట్టుకుని వచ్చింది. మోచేతులు గీరుకుపోయాయి. నేను రాత్రంతా తిండి తినలేదని ఎవరో చెప్పారట. అందుకు వచ్చింది, వేలిముద్రకి కాదు.

నేను ఏమీ అడగలేదు. అడిగే ఓపిక లేదు. గురుతుల వరస నడుస్తోంది. అమ్మ ఎప్పటిలాగే గోడ పక్కన నిలబడి విన్నది. "దొరకలేదు. దొరకలేదు. దొరకలేదు." తెర నిండా తెల్లటి మబ్బు. తర్వాత మా ఊరి పేరు వచ్చింది.

"దొరికింది."

అమ్మ తెర దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ అంత దగ్గరికి రాదు.

"మబ్బు కప్పేసింది కదే. దీనికెలా కనిపించింది?"

"కనిపించలేదమ్మా."

"మరి దొరికిందంటాదేంటి?"

"ఎప్పుడూ అలాగే అంటుంది. అలా అనమనే మనం చెప్పాం."

"ఎండ కాసినప్పుడు కూడానా? నేనొచ్చిన రోజులన్నీ కూడానా?"

"అన్ని రోజులూనే."

అమ్మకి ఇది తెలుసనుకున్నాను. అందరికీ తెలుసనుకున్నాం. తీర్మానం చదివినప్పుడు ఆవిడ అక్కడే కూర్చుని ఉంది. కానీ తెలిసి ఉండడం వేరు, మబ్బు మొహాన్ని చూస్తూ ఆ మాట వినడం వేరు.

"అంటే ఒక్కనాడూ సూడలేదన్నమాట" అంది అమ్మ. "కాశులు ఎక్కడున్నాడు?"

చూపించాను. వాడి బోటు దక్షిణానికి పోతోంది. మూడో బోటు వాడి వెనకే ఉంది. గరగయ్య బోటు రేడియో తెర మీద వేసే చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది, బులెటిన్ ఉండమన్న చోట.

"తీసెయ్" అంది అమ్మ.

వేలు పెట్టింది. మెషీన్ ఒప్పుకోలేదు. ఎన్నో ఏళ్ళు చేపలు తోమిన వేలు, గీతలు అరిగిపోయాయి. కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఒప్పుకోలేదు. భద్రయ్య గారు తన గుడ్డ తెచ్చి వేలు పెట్టే అద్దం తుడిచారు. నేను అమ్మ బొటనవేలిని నా నోటి దగ్గర పెట్టుకుని ఊదాను, ఆవిరికైనా గీత తేలుతుందేమోనని. మూడోసారి ఒప్పుకుంది.

తర్వాతి బొమ్మ వచ్చింది. అరేబియా తీరం వెళ్ళి దాని గీతల మీద కూర్చుంది. తుఫాను ఒక్క గెంతులో పడమరకి జరిగింది, బోట్ల పక్కకి వచ్చి నిలబడింది. మన తీరం ఎక్కడుందో తెలుసుకోవడానికి అరేబియా ఎడారిని అడగాల్సివచ్చింది. బులెటిన్ దానంతటదే వెళ్ళిపోయింది: బోట్లన్నీ వెంటనే దక్షిణానికి మళ్ళాలి.

గరగయ్య నుంచి జవాబు వచ్చింది. "సూసానొదినా. తిప్పుతున్నాను."

అంతే. ఆ తర్వాత రేడియోలో గాలి మోత తప్ప ఏమీ వినిపించలేదు. మేము ముగ్గురం ఆ చుక్క వైపే చూస్తూ కూర్చున్నాం. అది దక్షిణానికి కొంచెం కదిలింది. ఇంకొంచెం కదిలింది. తర్వాతి బొమ్మలో లేదు.

కార్తీక శుద్ధ షష్ఠి

కాశులు ఒడ్డెక్కాడు. మూడో బోటు కూడా వచ్చింది. గరగయ్య, ఆయనతో ఉన్న ముగ్గురూ రాలేదు. గాలి తగ్గాక బోట్లన్నీ వెళ్ళి వెతికాయి. రెండు ప్లాస్టిక్ డబ్బాలు దొరికాయి.

సభ రోజునే తీసేసి ఉంటే గరగయ్య ఇవాళ ఇంట్లో అన్నం తింటూ ఉండేవాడు. ఇది సొంత గోల అని భద్రయ్య గారు అనుకుంటే ఈ పేజీ చింపుకోవచ్చు. కాశులు నన్ను వాటేసుకుని ఏడ్చాడు. ఆటపట్టించడానికి ఒక్క మాట కూడా రాలేదు వాడికి. వాడి నోటి దురుసు కోసం ఇంత ఎదురుచూస్తానని అనుకోలేదు.

కార్తీక పున్నమి

మళ్ళీ సభ. చిట్టెమ్మే అడిగింది. గరగయ్య చుక్క చివరగా కనిపించిన చోటుని గురుతుగా పెట్టమని.

"దేన్నీ లాగొద్దక్కా. బరువేం ఇవ్వొద్దు. రోజుకోసారి ఆయన పేరు సెప్పి దొరికాడని అంటే సాలు. మనూరికి ఇన్నేళ్ళు సేసారు కదా, నాకు సెయ్యరా?"

అది నడిసంద్రం. అక్కడ వెతకడానికి వంపు లేదు, ఇసుక లేదు. దొరికింది అనిపించాలంటే మళ్ళీ మెషీన్‌కి అబద్ధం నేర్పాలి. కానీ ఆ మొహం చూసి ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. సభలో సగం మంది అప్పుడే "ఏం పోయింది, పెడదాం" అంటున్నారు. గరగయ్య చావుకి ఏదో ఒకటి ఇచ్చి బయటపడాలని అందరికీ ఉంది. నాకూ ఉంది. ఏం నష్టం అని నా మనసులోకీ వచ్చింది, ఒప్పుకుంటున్నాను.

అమ్మ లేచింది.

"నీకొద్దు సిట్టెమ్మా" అంది. "నాకు ఇన్నేళ్ళు సెప్పింది. అది దొరికిందన్నప్పుడల్లా రేపొచ్చి మళ్ళీ ఇందామని ఎల్లేదాన్ని. ఒక్కరోజు కూడా ఆయన కోసం కూకుని ఏడవలేదు నేను. ఎలా ఏడుస్తాను, దొరికాడంటంటే?"

చిట్టెమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది. తీర్మానం జరగలేదు.

కార్తీక బహుళ పాడ్యమి

డిష్ మీద మళ్ళీ కాకి గూడు. తుఫాను ఎగరగొట్టిన మర్నాడే మొదలుపెట్టినట్టుంది. ఇవాళ తీయలేదు. డిష్ తిరగడానికి అదేం అడ్డం కాదు.

అమ్మ క్యారేజీ తెచ్చింది. వెంట చిట్టెమ్మ ఉంది. ఎలా తీసుకొచ్చిందో నేను అడగలేదు. ఇద్దరూ గోడ పక్కన నేల మీద కూర్చున్నారు. పెద్దపోటు వేళ. ఆకాశం శుభ్రంగా ఉంది, గురుతులన్నీ వరసగా దొరికాయి. మా ఊరు ఉండే చోటికి వచ్చేసరికి వరస అయిపోయింది, మెషీన్ ఆగింది. ఇంకో మాట వస్తుందేమోనని చిట్టెమ్మ తెర వైపే చూస్తోంది.

అమ్మ క్యారేజీ గిన్నె విప్పి చేపల పులుసు కలిపింది. ముద్ద చేసి చిట్టెమ్మ చేతిలో పెట్టింది.

"గరగయ్య దొరకలేదు" అంది. "నా మొగుడూ దొరకలేదు. అన్నం తిను."

అప్పుడు చిట్టెమ్మ ఏడ్చింది. అమ్మ కూడా ఏడ్చింది. మా నాన్న కోసం అమ్మ ఏడవగా నేను చూడటం ఇదే మొదలు. నేను వాళ్ళ వైపు వెళ్ళలేదు, తెర వైపు తిరిగి కూర్చున్నాను.

బొమ్మ సరిగ్గా కూర్చుంది. బులెటిన్ వెళ్ళింది.